పల్నాడు పుల్లరి సత్యాగ్రహంపై ఐసీహెచ్ఆర్ ఫెలోషిప్: ప్రతిపాదన కన్నా ముందు చేయాల్సిన పని

మీరు రాసింది ఇదీ: పల్నాడు పుల్లరి సత్యాగ్రహం, అంటే అడవిలో పశువుల మేతకి సర్కారు వసూలు చేసే పుల్లరి కట్టబోమని 1921-22లో ఊళ్లు చేసిన ఉద్యమం మీద పీహెచ్‌డీకి ఈ మధ్యే నమోదయ్యారు. భారత చారిత్రక పరిశోధన మండలి, అంటే ఐసీహెచ్ఆర్, ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయాలనుకుంటున్నారు. ప్రతిపాదన ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు, రికార్డులు ఎక్కడున్నాయో అంతకన్నా తెలియదు. "ముందు సినాప్సిస్ రాసెయ్, ఆర్కైవ్స్ సంగతి డబ్బులొచ్చాక చూద్దాం" అని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతున్నారు.

ఆ వరసని తిరగేయమని నా సలహా. కొన్ని రోజులైనా ఆర్కైవ్స్‌లో కూర్చుని, ఆ తర్వాతే ప్రతిపాదన రాయండి. ఇలాంటి ప్రతిపాదనలు చాలా ఏళ్లుగా చదువుతున్నాను, పిల్లల చేత రాయిస్తున్నాను. నూటికి తొంభైలో ఆధారాల దగ్గరికొచ్చేసరికి ఒకటే వాక్యం ఉంటుంది: "జాతీయ అభిలేఖాగారం, తమిళనాడు ఆర్కైవ్స్, ఇతర గ్రంథాలయాల్లోని ప్రాథమిక ఆధారాలు పరిశీలించబడును." ఆ మనిషి ఇంకా ఒక్క ఇండెక్స్ కూడా తెరవలేదని చదివేవాళ్లకి అక్కడే తెలిసిపోతుంది. అదే చోట శాఖ పేరు, సంవత్సరం, నాలుగు జీవోల నంబర్లు కనిపిస్తే, వెనక్కి వెళ్లి మొదటి పేజీ మళ్లీ శ్రద్ధగా చదువుతారు.

మీ అంశానికే వద్దాం. రికార్డుల దారి తెలియాలంటే ముందు పల్నాడు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో తెలియాలి. 1859 వరకు అది పాత గుంటూరు జిల్లా. ఆ ఏడు గుంటూరు కలెక్టరేటు రద్దయ్యాక కృష్ణా జిల్లాలో కలిసింది. 1904లో గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడింది. పల్నాడు పేరుతోనే జిల్లా వచ్చింది 2022లో. మీ కథ 1921 దగ్గర మొదలు కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవుల్ని రిజర్వులుగా ప్రకటించడం మొదలైనప్పుడే మేత గొడవకి పునాది పడింది. ఆ రోజుల కాగితాలు గుంటూరు పేరు కింద వెతికితే దొరకవు, కృష్ణా జిల్లా కింద చూడాలి. పాత ఇండెక్సుల్లో అది 'కిస్ట్నా'గా ఉంటుంది, మీ తాలూకా 'పల్నాడ్'గా ఉంటుంది. ఇంగ్లీషులో అప్పటి స్పెల్లింగులు ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మొదట వెళ్లాల్సింది చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా ఏర్పడింది అదే. 1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాల పాలన మద్రాసు నుంచే నడిచింది కాబట్టి మన తాతల కాలం కాగితాల్లో పెద్ద భాగం అక్కడే ఉంది. తెలుగు విద్యార్థులు ఢిల్లీ గురించే ఎక్కువ ఆలోచిస్తారు. ఒక తాలూకా కథ చెప్పాలంటే మద్రాసు లేకుండా కుదరదు.

అక్కడ ఏం అడగాలి? శాఖలవారీగా ఏటేటా అచ్చువేసిన జీవోల ఇండెక్సులు ఉంటాయి. 1919 నుంచి 1924 వరకు పబ్లిక్, లా జనరల్, రెవెన్యూ శాఖల ఇండెక్సులు తెప్పించుకోండి. అటవీ వ్యవహారాలు ఏళ్లను బట్టి శాఖ మారుతుంటాయి, ఏ ఏడు ఎక్కడున్నాయో ఇండెక్సులోనే చూసుకోవాలి. బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ విడిగా ఉంటాయి. కలెక్టరు జమాబందీ (ఏటేటా భూమి శిస్తు లెక్క తేల్చడం) నివేదికలు, పన్ను మినహాయింపుల గొడవలు, రైతుల అర్జీల సారాంశాలు వాటిలో కనబడతాయి. రహస్యమని పక్కన పెట్టిన ఫైళ్లకి 'అండర్ సెక్రటరీస్ సేఫ్' అని మరో వరస ఉంది. రాజకీయ ఉద్యమం మీద పనిచేసేవాళ్లు దాన్ని వదలకూడదు. అటవీ శాఖ వార్షిక నివేదికలు కూడా అచ్చులో ఉన్నాయి. వాటి వెనక పట్టికల్లో అటవీ నేరాల కేసులు, కేసు కోర్టుకి పోకుండా కట్టించుకున్న రాజీ రుసుముల లెక్కలు ఉంటాయి. సత్యాగ్రహానికి ముందు పదేళ్ల పట్టికలు వరసగా పెట్టి చూస్తే, మీ ప్రశ్న ఎలా ఉండాలో అవే చెబుతాయి.

ఫైలు చేతికొచ్చాక ఎలా చదవాలో కాస్త వివరంగా చెబుతాను, దీన్ని ఎవరూ నేర్పరు. పాత ప్రభుత్వ ఫైలులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఉత్తరప్రత్యుత్తరాలు: కలెక్టరు రాసింది, సర్కారు జవాబిచ్చింది. రెండోది నోట్స్. ఉత్తరం మీద గుమాస్తా రాసిన సారాంశం, దాని కింద అండర్ సెక్రటరీ అభిప్రాయం, ఆ కింద సెక్రటరీ, ఆపైన కౌన్సిల్ మెంబరు, ఒక్కొక్కరి పొడి అక్షరాల సంతకం, తేదీ. తొందరలో ఉన్న విద్యార్థి చివరి ఉత్తర్వు కాపీ చేసుకుని ఫైలు తిరిగిచ్చేస్తాడు. ఉత్తర్వులో సర్కారు ఒక్క గొంతుతో మాట్లాడుతుంది. నోట్స్‌లో మాత్రం ఒకరు బలగం పంపమంటారు, ఇంకొకరు మేత రుసుము తగ్గిస్తే పోతుందంటారు, మూడో ఆయన ఖర్చు గురించి అడుగుతారు. ఏ సలహా నెగ్గిందో, ఏది పక్కకి పోయిందో అక్కడే తెలుస్తుంది. 'కె.డబ్ల్యు.' అని గుర్తు పెట్టిన పేజీలు కనిపిస్తే అవి 'కీప్ విత్' కాగితాలు, అసలు ఫైలుతో పాటు ఉంచమని కట్టినవి. వాటిని చివరిదాకా తిప్పండి.

ఢిల్లీ జన్‌పథ్‌లోని జాతీయ అభిలేఖాగారం 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంటుగా మొదలైంది. మీకు కావాల్సింది అందులో హోమ్ శాఖ పొలిటికల్ విభాగం. ప్రతి రాష్ట్రమూ పదిహేను రోజులకోసారి కేంద్రానికి పంపిన రాజకీయ పరిస్థితి నివేదికలు ఆ వరసలోనే ఉన్నాయి. గుంటూరు జిల్లా గురించి మద్రాసు సర్కారు ఢిల్లీకి ఏం చెప్పింది, ఏం చెప్పకుండా దాచింది అన్నది మద్రాసు ఫైళ్లతో పక్కపక్కన పెట్టి చూడాలి. వెళ్లేముందు అభిలేఖాగారం వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో వెతకండి. ఇంట్లో కూర్చునే ఫైళ్ల జాబితా తయారవుతుంది, స్కాన్ అయినవి అక్కడే చదువుకోవచ్చు. పోర్టల్‌లో దొరికిందే మొత్తం అనుకోవద్దు, ఇండెక్స్ వాల్యూములు చదువుతుంటే ఇంకా బయటపడతాయి.

రీడింగ్ రూమ్‌లో మీరు స్లిప్పు రాసి ఇస్తారు, కొంతసేపటికి ఫైలో, స్లిప్పో తిరిగొస్తుంది. స్లిప్పు మీద 'ఎన్.టి.' అని ఉంటే ఆ ఫైలు మాతృశాఖ నుంచి అభిలేఖాగారానికి బదిలీ కానేలేదని అర్థం. 'బ్రిటిల్' అంటే కాగితం పెళుసుబారి ఇవ్వడం లేదని. మొదటిసారి వెళ్లినవాళ్లు ఇలాంటి స్లిప్పులు నాలుగు వరసగా వచ్చేసరికి బెంబేలెత్తిపోతారు. టెన్షన్ పడకండి. అదే ఉత్తరం నకలు మద్రాసు ఫైలులో ఉండొచ్చు. రాష్ట్రాల ప్రొసీడింగ్స్ నకళ్లు లండన్‌కీ పంపేవారు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. ఒక చోట పోయిన కాగితానికి రెండో చోటు చూడటం ఈ పనిలో మామూలే. తిరిగొచ్చిన స్లిప్పులు కూడా దాచుకోండి. ఏ ఫైలు అడిగారో, ఎందుకు రాలేదో సిద్ధాంత గ్రంథంలో చెప్పాల్సి వస్తుంది.

ఢిల్లీ వెళ్లినప్పుడే తీన్‌మూర్తి భవన్‌కి వెళ్లండి. 2023 వరకు నెహ్రూ మెమోరియల్ అన్నది ఇప్పుడు ప్రధానమంత్రుల సంగ్రహాలయం, గ్రంథాలయం. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ పత్రాలు అక్కడ ఉన్నాయి. ఆంధ్రకి 1918 నుంచే విడిగా ప్రొవిన్షియల్ కాంగ్రెస్ కమిటీ ఉంది కాబట్టి, సర్కారు ఫైలులో లేని రెండో పక్షం మాట అక్కడ వెతకొచ్చు.

పత్రికల దగ్గర చాలామంది సగంలో ఆగిపోతారు. మద్రాసు సర్కారు దేశభాషా పత్రికల్ని చదివించి, ఇంగ్లీషులో సారాంశాలు రాయించి, నివేదికలుగా అచ్చువేసుకునేది. ఇంగ్లీషులో, అచ్చులో, ఒకచోట ఉంటాయి కాబట్టి పరిశోధకులు వాటినే ఎత్తి రాసేస్తారు. మనకి తెలుగు వచ్చు, అసలు పత్రికే చదవగలం. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన వాటిలో, చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చూడండి. 1918లో పెట్టిన వేటపాలెం గ్రంథాలయం మీకు బస్సు దూరంలోనే ఉంది, అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. సర్కారు అనువాదకుడు ఏ వ్యాసం ఎంచుకున్నాడు, ఏ పేరా వదిలేశాడు అని పక్కపక్కన పెట్టి చూడగలిగితే అదొక్కటే ఒక అధ్యాయం అవుతుంది. తెలుగు రాని పరిశోధకుడికి అందని పని అది. ప్రతిపాదనలో ఈ సంగతి మొహమాటపడకుండా చెప్పండి.

గ్రామ లెక్కలు, జమాబందీ కాగితాలు పట్టుకుంటే తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరంలో ఉంటాయి. మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1331 అంటే 1921 జూలై నుంచి 1922 జూన్ వరకు. సహాయ నిరాకరణ ఊపందుకున్న నెలలూ, 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పుల్లరి ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో చనిపోవడమూ ఆ ఒక్క ఫసలీలోనే పడతాయి. ఆ ఒక్క ఏడాది జమాబందీ నివేదికనీ, దాని ముందూ వెనకా రెండేసి ఏళ్లవీ పట్టుదలగా వెతకండి. నది దాటితే నిజాం ఇలాకా. అక్కడి ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది, లెక్క మారుతుంది. కృష్ణకి అవతలి ఒడ్డు గురించి మీరు రాసిన నోట్‌లో ఒక్క మాటా లేదు. పశువుల మంద సరిహద్దు దగ్గర ఆగేది కాదు కదా. పల్నాడు రైతులు మేతకి ఏటి అవతలికి తోలుకెళ్లారా, అక్కడ రుసుము ఎలా ఉండేది అన్న ప్రశ్న పెట్టుకుంటే తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్, ఢిల్లీలోని హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) రికార్డులు కూడా మీ జాబితాలోకి వస్తాయి. నిజాం రికార్డుల్లో ఎక్కువ భాగం ఫారసీ, ఉర్దూ. చదివిపెట్టే మనిషిని చూసుకోకుండా ఆ మాట ప్రతిపాదనలో రాయకండి. మద్రాసు నుంచి వచ్చిన కొన్ని ఆంధ్ర జిల్లాల రికార్డులు కూడా ఉమ్మడి రాష్ట్రంలో తార్నాకలోనే ఉండేవి. విభజన తర్వాత మీక్కావలసిన వరస ఏ రాష్ట్రం చేతిలో ఉందో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

ఇప్పుడు ప్రతిపాదన. మీరు పంపిన శీర్షిక "పల్నాడు పుల్లరి సత్యాగ్రహం: ఒక చారిత్రక అధ్యయనం". ఇందులో ప్రశ్న లేదు. ఇలా అడిగి చూడండి: 1913లో మద్రాసు అటవీ కమిటీ నివేదిక ఇచ్చాక ఊళ్లకి మేత విషయంలో ఏ వెసులుబాట్లు వచ్చాయి, అవి పల్నాడు తాలూకాకి అందాయా? 1921లో ఊళ్లు పుల్లరి కట్టం అన్నది కాంగ్రెస్ పిలుపు విన్నందుకా, అప్పటికే ఏళ్లుగా పట్టుకెళ్లిన పశువుల్ని విడిపించుకోవడానికి బందెలదొడ్లకి డబ్బు కట్టి విసిగిపోయినందుకా? పక్కనే పెదనందిపాడులో భూమి శిస్తు నిరాకరణ, చీరాల-పేరాలలో మునిసిపల్ పన్నుకి ఎదురు తిరిగి ఊరు ఖాళీ చేయడం అదే ఏడాదిన్నరలో జరిగాయి. ఒకే జిల్లాలో మూడు రకాల పన్నులు, మూడు రకాల తిరుగుబాట్లు. పల్నాడులో తుపాకీ దాకా ఎందుకు వెళ్లింది? ఇలా అడిగితే ఏ ప్రశ్నకి ఏ రికార్డు జవాబు చెబుతుందో పక్కన రాయొచ్చు. ప్రతిపాదన గుండెకాయ ఆ జతే.

హనుమంతు మరణం ఫిబ్రవరిలో ఏ తేదీన అన్నది కూడా రాతల్లో ఒక్క తీరుగా లేదు. దాన్ని కూడా ఒక చిన్న పనిగా పెట్టుకోండి. కాల్పుల మీద జిల్లా నుంచి మద్రాసుకి వెళ్లిన రిపోర్టు, ఆ వారం పత్రికలు, పక్షం రోజుల నివేదిక, మూడూ ఒకచోట పెడితే తేలుతుంది. ఆయన పేరు మీద మన దగ్గర పాటలున్నాయి, విగ్రహాలున్నాయి. ఆ ఊళ్ల పెద్దవాళ్ల నోట కుటుంబాల్లో నిలిచిన సంగతులున్నాయి. అవీ రికార్డు చేయండి, అయితే ఫైళ్లు చదివాక వెళ్లండి. అప్పుడు ఏ ఊరు, ఏ కేసు, ఎవరి మీద జరిమానా అని పేరు పెట్టి అడగగలుగుతారు, వాళ్లూ వివరంగా చెబుతారు.

పని ప్రణాళికలో నెలలు నిజంగా వేయండి. మద్రాసుకి ఎక్కువ కాలం, ఢిల్లీకి రెండు విడతలు, పత్రికలకి విడిగా సమయం, ఊళ్లకి ఎండాకాలం తప్పించి. అనుమతి రావడానికి పట్టే రోజులు కూడా లెక్కలో పెట్టండి. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో పరిచయ లేఖ, గుర్తింపు కార్డు, అంశం గురించి అర పేజీ, ఇవి ప్రతిచోటా అడుగుతారు. ఒకేసారి నాలుగైదు లేఖలు రాయించుకోండి. ఫోటోలు తీయనిస్తారా, జిరాక్సుకి పేజీకి ఎంత, రోజుకి ఎన్ని ఫైళ్లు ఇస్తారు అన్నవి చోటుని బట్టి మారతాయి. చేత్తో రాసుకోవాల్సి వస్తే రోజుకి సాగే పని సగానికి పడిపోతుంది, మీ నెలల లెక్కంతా దాని మీదే ఆధారపడుతుంది. పెన్సిల్ తీసుకెళ్లండి. కాపీ చేసుకున్న ప్రతి కాగితం తలమీద ఆర్కైవ్ పేరు, శాఖ, జీవో లేదా ఫైలు నంబరు, తేదీ, పేజీ అప్పటికప్పుడు రాయండి. రాత్రి గదికెళ్లి రాద్దాం అనుకుంటే కలగాపులగం అయిపోతుంది.

డబ్బు సంగతి. నెల నెలా ఫెలోషిప్, ఏడాదికి కొంత కంటింజెన్సీ, అంటే పరిశోధన ఖర్చుల సొమ్ము ఇస్తారు. మొత్తం ఎంతో, వయోపరిమితి ఎంతో ఆ ఏటి ప్రకటనలో చూడండి, పాత సీనియర్లు చెప్పిన అంకెలు పట్టుకోకండి. నెట్ రాసి యూజీసీ జేఆర్ఎఫ్ తెచ్చుకోగలిగితే అది 2023 జనవరి నుంచి నెలకి 37,000. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు తీసుకోవడానికి వీలుండదు. ఏ ఫెలోషిప్ అయినా ఎంపిక వార్తకీ, మొదటి విడత ఖాతాలో పడటానికీ మధ్య నెలలు గడవొచ్చు. తర్వాతి విడతలు పురోగతి నివేదిక, ఖర్చు లెక్కలు, యూనివర్సిటీ సంతకాల మీద నడుస్తాయి. చెన్నైలో గది అద్దె ఆ విడత కోసం ఆగదు కాబట్టి కొంత సొమ్ము చేతిలో ఉంచుకునే దిగండి. రసీదులన్నీ తేదీ వరసన ఒక కవర్లో పెట్టండి.

ఈసారి రాకపోతే ఐసీహెచ్ఆర్‌లోనే స్టడీ-కమ్-ట్రావెల్ గ్రాంట్ ఉంది. మొత్తం చిన్నదే, ఆర్కైవ్స్ ప్రయాణాలకే ఇస్తారు. మద్రాసు పని దాంతో మొదలైపోతుంది, మళ్లీ దరఖాస్తు చేసేనాటికి మీ చేతిలో నిజమైన ఫైళ్లు ఉంటాయి. లండన్‌కి వెళ్లే భారతీయ పరిశోధకులకి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ గ్రాంట్లు ఉన్నాయి, కానీ మీ అంశానికి అది మొదటి ఏడాది పని కాదు. మద్రాసులో, ఢిల్లీలో ఏవి దొరకలేదో తేలాక, వాటి నకళ్ల కోసం వెళ్తానని రాస్తేనే ఆ దరఖాస్తుకి బలం.

మీ గైడ్‌తో గొడవ పెట్టుకోకండి. "సర్, సినాప్సిస్ మొదలుపెట్టాను, ఆధారాల భాగానికి చెన్నై వెళ్లి ఇండెక్సులు చూసి వస్తాను, లేఖ ఇప్పించండి" అంటే ఎవరూ కాదనరు. ముందు వేటపాలెం, అభిలేఖ్ పటల్. ఆ తర్వాత ఎగ్మోర్‌లో 1919 నుంచి 1924 వరకు ఇండెక్సులు. పల్నాడు, గుంటూరు, మేత, అటవీ నేరాలు అన్న మాటల కింద దొరికిన ప్రతి జీవో నంబరూ, తేదీ, శాఖ రాసుకుని ఆ జాబితా ఇక్కడ పెట్టండి. ఏవి ముందు తెప్పించుకోవాలో, ప్రతిపాదనలో ఏవి పేరు పెట్టి చెప్పాలో చూసి రాస్తాను.